రోజువారీ కారుకి స్వే బార్ మార్చడం: ఎంత లావు, ముందా వెనకా?

కొత్త_స్టీరింగ్
అందరికీ నమస్తే. నాది ముందు చక్రాల డ్రైవ్ సెడాన్. సస్పెన్షన్ ముందు స్ట్రట్, వెనక మల్టీలింక్ రకం. కంపెనీ స్వే బార్లు (మలుపులో ఒరుగు తగ్గించడానికి ఎడమ, కుడి చక్రాల్ని కలిపే ఉక్కు కడ్డీలు) ముందు 23 మి.మీ., వెనక 16 మి.మీ. మలుపులో కాస్త వేగంగా తిప్పితే బండి బాగా ఒరుగుతోంది. స్టీరింగ్ ఇంకా తిప్పినా ముక్కు బయటికే పోతోంది. రోజూ ఆఫీసుకి తిరిగే బండే, పోటీలకి కాదు. వెనకకి రెండు రంధ్రాల 19 మి.మీ. బార్ దొరుకుతోంది, ముందుకి 22 మి.మీ. సాలిడ్ (లోపల బోలు లేని) బార్ ఉంది. రెండూ వేయాలా, ఒకటి చాలా? స్ప్రింగులు మార్చే ఉద్దేశం లేదు.

గేరు_మార్చు
రెండూ మార్చేయండి బ్రదర్. ఒరగడం అన్న మాటే ఉండదు. 22 మి.మీ. సాలిడ్, అదీ స్ప్రింగ్ స్టీలుదైతే ఇంకా గట్టిగా ఉంటుంది.

పదిహేడో_నంబరు_పానా
గేరు_మార్చు గారూ, అందులో రెండు పొరపాట్లున్నాయి.

ఒకటి, స్టీలు రకం మారితే బార్ గట్టిదనం మారదు. మెలితిప్పినప్పుడు ఎంత ఎదురుతిరుగుతుందనేది లావు, పొడవు, చెయ్యి (బార్ చివర వంగిన భాగం) పొడవు మీద ఆధారపడుతుంది. మామూలు స్టీలుకైనా స్ప్రింగ్ స్టీలుకైనా మెలికకి ఎదురుతిరిగే గుణకం దాదాపు ఒకటే, 80 గిగాపాస్కల్స్ చుట్టుపక్కల. స్ప్రింగ్ స్టీలుతో లాభం ఏమిటంటే, ఎక్కువ మెలిపడినా వంకర తేలకుండా తిరిగి తన ఆకారానికి వస్తుంది. మన్నిక వేరు, గట్టిదనం వేరు.

రెండోది ఇంకా ముఖ్యం. కొత్త_స్టీరింగ్ గారూ, మీ ముందు 23 మి.మీ. బార్ సాలిడ్దా, పైపుదా? ముందువైపు బార్లు చాలా కార్లలో పైపువే. సాలిడ్ బార్ గట్టిదనం వ్యాసం నాలుగో ఘాతంతో పెరుగుతుంది. పైపుకైతే బయటి వ్యాసం నాలుగో ఘాతంలోంచి లోపలి వ్యాసం నాలుగో ఘాతం తీసేయాలి. గోడ మందం 4 మి.మీ. అనుకుంటే లోపలి వ్యాసం 15. లెక్క: 2,79,841 – 50,625 = 2,29,216. మీరు చూసిన 22 మి.మీ. సాలిడ్‌కి 2,34,256. తేడా రెండు శాతం! పైగా బరువు దాదాపు 60 శాతం ఎక్కువ. పానా పట్టుకుని రోజంతా కారు కింద పడుకుని సాధించేది ఇంతే.

వెనకది మాత్రం అసలైన మార్పు. 16 నుంచి 19కి వెళ్తే 1.99 రెట్లు. మూడు మిల్లీమీటర్లే కదా అనిపిస్తుంది గానీ బార్ రెట్టింపు గట్టిదైనట్టు.

కొత్త_స్టీరింగ్
పైపో కాదో బయట నుంచి ఎలా తెలుస్తుంది?

పదిహేడో_నంబరు_పానా
బార్ చివర, లింకు (బార్‌ని సస్పెన్షన్‌కి కలిపే చిన్న కడ్డీ) బిగించే చోట చూడండి. పైపుని నొక్కి చదును చేసి ఉంటే అంచులో మడత గీత గానీ సన్నని చీలిక గానీ కనబడుతుంది. సాలిడ్‌ది దిమ్మలా నిండుగా ఉంటుంది. వ్యాసం కొలవడానికి వెర్నియర్ కాలిపర్ వాడండి. వంపు దగ్గర కాదు, బుష్‌కి (బార్‌ని బండికి పట్టి ఉంచే మెత్తని తొడుగు) పక్కనే తిన్నగా ఉన్న చోట, పెయింటూ మట్టీ గీకేసి కొలవాలి. పెయింటూ మట్టీ కలిసి అర మిల్లీమీటరు దాకా తేడా చూపించొచ్చు, నాలుగో ఘాతంలో ఆ అర మిల్లీమీటరు చిన్నదేం కాదు.

నాలుగు_చక్రాలు
లెక్క బాగుంది గానీ "బార్ రెట్టింపు" అంటే "బండి ఒరగడం సగం" అనుకుని నిరాశపడేవాళ్లు చాలామంది. అందుకే ఒక మాట.

ఒరుగుని ఆపేది బార్ ఒక్కటే కాదు, స్ప్రింగులు కూడా. వెనక ఇరుసు మొత్తం రోల్ గట్టిదనంలో (ఒరుగుకి ఎదురు నిలిచే బలంలో) స్ప్రింగులది 80 పాళ్లు, 16 మి.మీ. బార్‌ది 20 పాళ్లు అనుకుందాం. బార్ రెట్టింపు చేస్తే 80 + 40 = 120. అంటే వెనక ఇరుసు మీద పెరిగింది 20 శాతం. ముందు ఇరుసు అలాగే ఉంది కాబట్టి మొత్తం బండి ఒరుగు తగ్గేది ఇంకా తక్కువ. కంటికి కొంచెమే తెలుస్తుంది.

అయినా బండి తిరిగే తీరు బాగా మారుతుంది, ఎందుకంటే అసలు మతలబు ఒరుగులో లేదు. మలుపులో లోపలి చక్రాల మీంచి బయటి చక్రాల మీదికి ఎంత బరువు పోతుందనేది బండి గురుత్వ కేంద్రం ఎత్తు, చక్రాల మధ్య వెడల్పు, మలుపు వేగం తేలుస్తాయి. బార్ మార్చినంత మాత్రాన ఆ మొత్తం చెప్పుకోదగ్గంత మారదు. అందులో ముందు ఇరుసు ఎంత మోయాలి, వెనక ఇరుసు ఎంత మోయాలి అన్న వాటా మాత్రం మారుతుంది. టైరు మీద బరువు రెట్టింపు అయితే పట్టు రెట్టింపు కాదు, కొంచెం తక్కువే వస్తుంది. కాబట్టి ఏ ఇరుసు ఎక్కువ బరువు మార్పిడిని మోస్తే ఆ ఇరుసు మొత్తం పట్టు తగ్గుతుంది. వెనక బార్ లావు చేస్తే వెనక పట్టు కాస్త తగ్గి, ముందుకి కాస్త దక్కుతుంది. ముక్కు బయటికి పోవడం తగ్గేది అందుకే. బార్ కొత్తగా పట్టు పుట్టించదు, ఉన్నదాన్ని పంచుతుంది.

టార్క్_తాత
బార్ సంగతి తర్వాత. టైర్లలో గాలి చూశారా? ముందు టైర్లలో గాలి తక్కువున్నా ముక్కు బయటికే పోతుంది. తలుపు చట్రం మీద స్టిక్కరులో ఉన్నంత గాలి, బండి చల్లగా ఉన్నప్పుడు పెట్టి, అదే మలుపు మళ్లీ తిప్పి చూడండి. ఆ తర్వాత షాకబ్జార్బర్లు. నూనె కారుతున్న షాక్‌తో గట్టి బార్ వేస్తే బండి ఒరగడం తగ్గదు, ఒరిగి ఊగుతుంది. బార్ కూడా స్ప్రింగే కదా, దాన్ని అదుపు చేయాల్సింది షాకే.

ఇంకోటి, హైవే మీద తిన్నగా వెళ్లేటప్పుడు బండి అటూ ఇటూ లాగుతోందని బార్ మార్చాలనుకునేవాళ్లూ ఉన్నారు. అది అలైన్‌మెంటు సమస్య, టో (పైనుంచి చూస్తే చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం) చూపించుకోండి.

గేరు_మార్చు
సరే, స్టీలు సంగతి ఒప్పుకున్నా. కానీ ముందు బార్ ఎప్పటికీ వద్దనడం కూడా సరికాదు. స్ట్రట్ సస్పెన్షన్‌లో బండి ఒరిగితే బయటి ముందు టైరు కూడా బయటికి వాలి, దాని భుజం మీద నడుస్తుంది. ముందు బార్ కొంచెం గట్టిపడితే టైరు నిటారుగా ఉండి పట్టు పెరిగిన బళ్లున్నాయి.

నాలుగు_చక్రాలు
అది నిజం. క్యాంబర్ (చక్రం లోపలికో బయటికో వాలే కోణం) బాగా కోల్పోయే బండికి ముందు బార్ లాభించవచ్చు. కానీ ఈయన బండి ముందు చక్రాల డ్రైవ్, మామూలు డిఫరెన్షియలే (రెండు చక్రాలకీ ఇంజను బలం పంచే గేర్లు) అయి ఉంటుంది. ముందు బార్ గట్టిపడేకొద్దీ లోపలి చక్రం తేలికవుతుంది, మలుపులోంచి యాక్సిలరేటర్ నొక్కుతూ బయటికొచ్చేటప్పుడు అది ఉత్తినే గిర్రున తిరుగుతుంది. ముందు టైర్ల బయటి అంచే త్వరగా అరుగుతుంటే క్యాంబర్ గురించి ఆలోచించండి. లేకపోతే వెనక బార్‌తో మొదలుపెట్టండి.

పని తేడా కూడా చూడాలి. చాలా బళ్లలో ముందు బార్ బయటికి రావాలంటే సబ్‌ఫ్రేమ్ (సస్పెన్షన్ బిగించి ఉండే చట్రం) కిందికి దించాలి, స్టీరింగ్ షాఫ్టు జాయింటు విప్పాలి. విప్పేముందు జాయింటుకీ షాఫ్టుకీ కలిపి పెయింటు గీత పెట్టి, స్టీరింగ్ చక్రాన్ని తిన్నగా ఉంచి బెల్టుతో సీటుకి కట్టేయాలి. చక్రం ఊరికే తిరిగితే లోపల ఎయిర్‌బ్యాగ్ తీగల చుట్ట తెగుతుంది. అంతా అయ్యాక అలైన్‌మెంటు తప్పదు.

కొత్త_స్టీరింగ్
ముందు టైర్లు సమంగానే అరిగాయి. సరే, వెనకదే. రెండు రంధ్రాల్లో ఏది వాడాలి? ఇంట్లోనే బిగించుకోవచ్చా?

పదిహేడో_నంబరు_పానా
చివరి రంధ్రం మెత్తనిది, వంపుకి దగ్గరిది గట్టిది. చెయ్యి పొడుగైతే బార్‌ని మెలితిప్పడం తేలిక. గట్టిదనం చెయ్యి పొడవు వర్గానికి విలోమంగా మారుతుంది. చివరి రంధ్రం వంపు నుంచి 240, రెండోది 220 మి.మీ. అయితే తేడా సుమారు 19 శాతం. కంపెనీ బార్ చెయ్యి కూడా 240 అనుకుంటే, మెత్తని రంధ్రంలో మీది 1.99 రెట్లు, గట్టి రంధ్రంలో 2.37 రెట్లు. రోజువారీ బండికి మెత్తని దానితోనే మొదలుపెట్టండి. రెండువైపులా ఒకే రంధ్రం. "ఒకవైపు మెత్తనిది, ఇంకోవైపు గట్టిది పెడితే మధ్యస్థంగా ఉంటుంది" అనేవాళ్లుంటారు. గట్టిదనం మధ్యస్థంగానే వస్తుంది, నిజమే. కానీ లింకులు రెండూ వేరే వేరే కోణాల్లో నిలబడతాయి. వీధి బండికి ఆ తంటా అక్కర్లేదు.

ఇంట్లో చేసుకోవచ్చు. కిందిది కాస్త పెద్ద రాత, ఓపిగ్గా చదవండి.

ముందురోజు రాత్రి లింకు నట్లకీ బ్రాకెట్ బోల్టులకీ తుప్పు వదిలించే నూనె కొట్టి వదిలేయండి. పొద్దున మరలమీద మట్టిని ఇనుప బ్రష్‌తో రుద్దాలి. ఈ ఐదు నిమిషాలు బద్ధకించినవాళ్లే తర్వాత గ్రైండర్ వెతుక్కుంటారు.

వెనకభాగం రెండువైపులా సమానంగా లేపి, బాడీ కింద జాకీ పాయింట్ల దగ్గర స్టాండ్లు పెట్టండి. జాకీ మీదే బండిని వదిలి కిందికి దూరొద్దు. ఒకే చక్రం లేపితే బార్ మెలిపడి ఉంటుంది, లింకు ఊడగానే చెయ్యి ఎగిరి తగులుతుంది. రెండు చక్రాలూ ఒకే ఎత్తులో వేలాడితే బార్‌లో బిగువు ఉండదు.

బాల్ జాయింటు లింకు నట్టు తిప్పుతుంటే చాలాసార్లు లోపలి కడ్డీ కూడా దానితోపాటే తిరిగేస్తుంది. కడ్డీ చివర ఆరుపలకల గుంట ఉంటుంది, సాధారణంగా 5 లేక 6 మి.మీ. అలెన్ కీ పడుతుంది. కీని కదలకుండా పట్టుకుని నట్టుని రింగు పానాతో తిప్పాలి. కొన్ని లింకులకి రబ్బరు బూటు వెనక చదును అంచులుంటాయి, అక్కడ సన్న పానా వేయాలి. ఇంపాక్ట్ గన్ వాడొద్దు. బంతి బూటులో గిరగిర తిరిగి, బూటు మెలిపడి చిరుగుతుంది. మూడు నెలలకి ఆ లింకే టకటకమంటుంది.

లింకులు ఊడాక రెండు బ్రాకెట్లూ విప్పండి. పాత బార్ తీసే ముందు ఫోటో తీసి ఉంచుకోండి: వంపు పైకా కిందికా, బుష్ చీలిక ముందుకా వెనక్కా. కొన్ని బళ్లలో సైలెన్సర్ అడ్డొస్తుంది. దాన్ని వేలాడదీసే రబ్బర్లు రెండు ఊడదీస్తే కొంచెం దిగుతుంది, కానీ ఆ బరువు ముందున్న మెత్తని జాయింటు మీద పడకుండా కింద చెక్క దిమ్మ పెట్టండి.

కొత్త బార్‌కి కొత్త బుష్‌లు. 16 మి.మీ. బుష్‌ని 19 బార్ మీదికి సాగదీయడం కుదరని పని. బుష్ లోపల గ్రీజు రాసి, బార్ మీద తొడిగి, బ్రాకెట్ బోల్టులు నాలుగూ ముందు చేత్తోనే ఎక్కించండి. ఆ తర్వాత ఒకటి విడిచి ఒకటి కొంచెం కొంచెం బిగించాలి. లింకులు తగిలించకముందే బార్ చివర పట్టుకుని పైకీ కిందికీ ఊపి చూడండి. కాస్త బలంతో కదలాలి. రెండు చేతులతోనూ కదలకపోతే బుష్ బిర్రుగా ఉంది లేదా బ్రాకెట్ వాలుగా కూర్చుంది. అలాగే వదిలేస్తే ప్రతి గతుకూ వీపుకి తెలుస్తుంది.

బిగింపు బలం మీ బండి మాన్యువల్‌లో ఉన్నదే వాడండి. నైలాన్ రింగున్న నట్లు పాతవి మళ్లీ వాడొద్దు, ఆ నైలాన్ పట్టు మొదటిసారి విప్పడంతోనే సడలుతుంది.

బుష్_బాబాయ్
పదిహేడో_నంబరు గారు చెప్పినదానికి మూడు చేర్పులు.

గ్రీజు: పాలీయూరిథేన్ (రబ్బరు కంటే గట్టి ప్లాస్టిక్) బుష్‌కి సిలికాన్ గ్రీజు, లేదా డబ్బాలో ఇచ్చిన గ్రీజే. బేరింగులకి వాడే మామూలు గ్రీజు రబ్బరు బుష్‌కి తగిలితే రబ్బరు ఉబ్బి మెత్తబడుతుంది. కొన్ని కొత్త బళ్లలో రబ్బరుని బార్‌కి అతికించేస్తారు. అక్కడ బార్ జారదు, రబ్బరే మెలిపడుతుంది. దానికి గ్రీజు రాసే పనే లేదు.

పక్కకి జరగడం: గ్రీజు రాసిన పాలీ బుష్‌లో బార్ సులువుగా తిరుగుతుంది, సులువుగా పక్కకీ జరుగుతుంది. అందుకే బుష్ పక్కన లాక్ కాలర్లు (బార్ మీద బిగించే ఉంగరాలు) ఉండాలి. బుష్‌కి ఆనించి బిగించొద్దు, ఒక మిల్లీమీటరు ఖాళీ వదలండి. కాలర్ లేని బార్ కొన్నాళ్లకి ఒకవైపు జరిగి, చెయ్యి వెళ్లి బ్రేక్ పైపుకో చక్రానికో దగ్గరవుతుంది.

చివరి బిగింపు: చివర రబ్బరు బుష్ ఉన్న లింకులైతే, అతికించిన బుష్‌లైతే, చక్రాలు బండి బరువు మోస్తున్నప్పుడే పూర్తిగా బిగించాలి. గాల్లో వేలాడుతుండగా బిగిస్తే రబ్బరు ఆ భంగిమలో పట్టుకుపోతుంది. బండి కిందికి దిగగానే ఎప్పుడూ మెలిపడే ఉంటుంది, త్వరగా చిరుగుతుంది. బాల్ జాయింటు లింకులకి ఈ బాధ లేదు.

టార్క్_తాత
బిగించాక ఖాళీలు చూడటం మర్చిపోకండి. ఒక చక్రం కింద జాకీ పెట్టి బండి మామూలు ఎత్తుకి, ఆపైన ఇంకొంచెం లేపండి, రెండోది వేలాడనివ్వండి. అప్పుడు బార్‌కీ సైలెన్సర్‌కీ బ్రేక్ పైపుకీ మధ్య కనీసం 10 మి.మీ. ఉండాలి. వేలాడే వైపు బార్ చెయ్యీ లింకూ ఒకే గీతలోకి రాకూడదు. వస్తే లింకు రెండోవైపుకి తిరగబడి ఇరుక్కుంటుంది. బండి నేలమీద ఉన్నప్పుడు రెంటికీ మధ్య దాదాపు లంబకోణం ఉంటే మంచిది.

కొత్త_స్టీరింగ్
పొడవు సర్దుకునే లింకులు కూడా కొనాలా మరి?

పదిహేడో_నంబరు_పానా
బండి ఎత్తు తగ్గించలేదు కదా, అక్కర్లేదు. కంపెనీ లింకులు బాగుంటే అవే చాలు. ప్లాస్టిక్ కడ్డీ లింకులైతే మాత్రం ఉక్కువి వేయండి. రెట్టింపు గట్టి బార్ అంటే అదే ఒరుగుకి లింకు మోసే బలమూ దాదాపు రెట్టింపే.

ఎప్పుడైనా సర్దుకునేవి వేస్తే పద్ధతి ఇది: చదును నేల, చక్రాల మీద బండి, సీట్లో మనిషి. ఎడమ లింకు బిగించి, కుడి లింకు పొడవుని దాని బోల్టు వేలితో నెడితే దూరేంతవరకు మార్చాలి. సుత్తి అవసరమైందంటే బార్‌లో ముందే బిగువు చేరినట్టు, అప్పుడు బండి ఎడమ మలుపుకి ఒకలా కుడి మలుపుకి ఒకలా తిరుగుతుంది. 10 మి.మీ. మరైతే కనీసం 15 మి.మీ. లోపలే ఉండాలి.

వంకర_ఇరుసు
నా బండికి వెనక ట్విస్ట్ బీమ్ (రెండు వెనక చక్రాల్నీ కలిపే ఒకే దూలం). దానికి బార్ వేయొచ్చా?

నాలుగు_చక్రాలు
ట్విస్ట్ బీమ్ తనే సగం స్వే బార్ పని చేస్తుంది. బండి ఒరిగితే మధ్య దూలం మెలిపడుతుంది. కొన్నిటికి దూలం లోపల కడ్డీ వెల్డు చేసే ఉంటుంది. బయటి నుంచి వేసే బార్లు దూలానికి రెండువైపులా చక్రాల్ని పట్టుకునే చేతుల్ని కలుపుతూ, స్ప్రింగ్ కూర్చునే చోట ఉన్న రంధ్రాల్లోనో, ఉన్న బోల్టుల్లోనో బిగుస్తాయి. అలాంటిది దొరికితే సరే, ఏబీఎస్ తీగా బ్రేక్ పైపూ ఒరుసుకోకుండా చూసుకుని వేయండి. దూలానికి కొత్తగా రంధ్రం వేయమంటే అక్కడితో ఆపేయండి. మెలిపడే లోహంలో రంధ్రం అంటే పగులుకి పిలుపు.

పగుళ్లంటే గుర్తొచ్చింది. మల్టీలింక్ బళ్లలోనూ బార్ మరీ లావైతే మొదట పోయేది బార్ కాదు, బ్రాకెట్ కూర్చునే పల్చటి రేకు. 16 స్థానంలో 22 వేస్తే 3.57 రెట్లు. దాన్ని మోయడానికి పట్టీ వేసి బలపరచకపోతే బోల్టు చుట్టూ పెయింటు పగిలి తుప్పు గీత కనబడటంతో మొదలవుతుంది. 19 దగ్గర ఆగడం మంచి నిర్ణయం.

గేరు_మార్చు
వానలో ఎలా ఉంటుంది? తోక జారుతుందంటారు.

టార్క్_తాత
జారే అవకాశం పెరుగుతుంది, దాచేదేం లేదు. ముఖ్యంగా మలుపు మధ్యలో భయపడి యాక్సిలరేటర్ మీంచి ఠక్కున కాలు తీసినప్పుడు. బరువు ముందుకి పోతుంది, వెనక తేలికవుతుంది, తోక బయటికొస్తుంది. కంపెనీవాళ్లు ముక్కు బయటికి పోయేలా పెట్టేది ఇందుకే. మామూలు డ్రైవరు కంగారుపడితే కాలు తీసి స్టీరింగ్ తిప్పుతాడు, ముక్కు జారే బండి దానికి లొంగుతుంది.

కాబట్టి అరగని టైర్లు రెండే ఉంటే అవి వెనకకే. వెనక సీట్లో ముగ్గురు, డిక్కీ నిండా సామాను ఎప్పుడూ ఉండే బండికి గట్టి రంధ్రం జోలికి పోవద్దు. స్టెబిలిటీ కంట్రోల్ ఆపొద్దు. బిగించాక మొదటిసారి ఖాళీ మైదానంలో, ఒకే గుండ్రని దారిలో వేగం మెల్లగా పెంచుతూ చూడండి. ముక్కు మొదట జారుతోందా, తోకా? తోకే మొదటైతే వెనక గట్టిదనం ఎక్కువైందన్నమాట.

సుఖం మాటా చెప్పాలి. స్పీడ్ బ్రేకర్ తిన్నగా ఎక్కితే రెండు చక్రాలూ ఒకేసారి లేస్తాయి, బార్ తన బుష్‌లలో తిరుగుతుందంతే, తేడా తెలియదు. ఒక చక్రమే గుంటలో పడితే ఆ దెబ్బలో కొంత రెండోవైపుకి పోతుంది, తల పక్కకి ఊగుతుంది. స్పీడ్ బ్రేకర్‌ని ఏటవాలుగా ఎక్కే అలవాటుంటే మానుకోవాలి.

కొత్త_స్టీరింగ్
బార్ బిగించాను. మెత్తని రంధ్రం, సిలికాన్ గ్రీజు, కాలర్లు అన్నీ. ముక్కు జారడం బాగా తగ్గింది. కానీ గతుకుల్లో వెనక ఎడమవైపు "టక్" మంటోంది. ఏది?

బుష్_బాబాయ్
గెస్ చేయొద్దు, విడగొట్టి చూడండి. రెండు లింకులూ పైచివర విప్పి, వేలాడే లింకులు దేనికీ తగలకుండా తీగతో కట్టి, అదే గతుకు మీద నడక వేగంతో వెళ్లండి. చప్పుడు పోతే బార్ తాలూకుదే. ఉంటే షాక్ పైమౌంటో ఇంకోటో. అలా విప్పి రోడ్డెక్కకండి, పరీక్షకే.

బార్ తాలూకుదైతే, లింకు బాల్ జాయింటు మీద వేలు ఆనించి ఉంచండి, ఇంకొకరు బండిని పక్కనుంచి ఊపాలి. లూజైన జాయింటు వేలికి చిన్న దెబ్బలా తగులుతుంది. ఊపేటప్పుడు వేలు రెండు భాగాల మధ్య పెట్టకండి.

పదిహేడో_నంబరు_పానా
ఇంకో అనుమానం. లింకు నట్టు బిగించేటప్పుడు అలెన్ కీ పట్టుకునే బిగించి ఉంటారు, అలా అయితే టార్క్ రెంచ్ వాడటం కుదరదు. చివరి పావు చుట్టు మిగిలిపోయి ఉండొచ్చు. మర కాస్త పట్టాక కడ్డీ దానంతట అదే నిలబడుతుంది, అప్పుడు కీ తీసేసి రెంచ్‌తో బిగించండి.

కొత్త_స్టీరింగ్
అదే. ఎడమ లింకు కింది నట్టు ముప్పావు చుట్టు తిరిగింది. చప్పుడు పోయింది. మిగతావి ఎప్పుడు మళ్లీ చూడాలి?

పదిహేడో_నంబరు_పానా
ఒక 100 కి.మీ. తర్వాత ఒకసారి, 500కి ఇంకోసారి. ఈలోగా ప్రతి నట్టు మీంచి పక్కనున్న ఇనుము మీదికి పెయింటు పెన్నుతో ఒక గీత గీయండి. రెంచ్ తీయకముందే టార్చి వేసి చూడొచ్చు. గీత విడిపోయిందంటే ఆ నట్టు తిరిగినట్టే, దాన్ని పారేసి కొత్తది వేయండి.

బుష్_బాబాయ్
బ్రాకెట్ బోల్టులకి కూడా గీయండి. పాలీ బుష్ కొత్తలో కొంచెం సర్దుకుంటుంది. కీచుమంటే బ్రాకెట్ విప్పి గ్రీజు మళ్లీ రాయాలి. పైనుంచి స్ప్రే కొడితే రెండు రోజులే పనిచేస్తుంది.